జేఆర్‌ఎఫ్ రాలేదు, పీహెచ్‌డీలో చేరాను: ఫెలోషిప్‌లు, గ్రాంట్లు ఎలా వెతుక్కోవాలి?

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్రలో పూర్తికాలపు పీహెచ్‌డీకి చేరి నాలుగు నెలలైంది. విశాఖ రేవు కట్టిన కూలీలు మీ అంశం. నెట్‌లో, అంటే జాతీయ అర్హత పరీక్షలో, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వచ్చింది. పరిశోధనకు నెలనెలా డబ్బిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్, కొద్దిలో పోయింది. ఇంట్లోవాళ్లను డబ్బు ఎంతకాలమని అడుగుతారు? ఇంటర్నెట్‌లో ఫెలోషిప్‌ల జాబితాలు చూస్తే తల తిరుగుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది ప్రశ్న.

నాదీ చరిత్రే. బర్మా నుంచి తిరిగొచ్చిన తెలుగువాళ్ల మీద చేశాను. కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు ఉంది కదా, నా పరిశోధనలో సగం ఆ వీధుల్లోనే జరిగింది. మొదటి రెండేళ్లు సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి నెట్టుకొచ్చాను. మూడో ఏడాది భారత చారిత్రక పరిశోధన మండలి, అంటే ఐసీహెచ్‌ఆర్, ఫెలోషిప్ వచ్చింది. చివర్లో కొద్ది వారాలు లండన్ వెళ్లడానికి ఒక చిన్న గ్రాంటు దొరికింది. మొత్తం పదకొండు దరఖాస్తులు పెడితే వచ్చినవి మూడు. ఈ లెక్క ముందే చెప్పడానికి కారణం ఉంది. మొదటి మూడూ వరసగా తిరిగొచ్చినప్పుడు ఇది మనలాంటివాళ్లకు కాదనుకుని దాదాపు వదిలేశాను.

ముందు జేఆర్‌ఎఫ్ సంగతి. దాన్ని అప్పుడే వదులుకోకండి. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, పీహెచ్‌డీలో చేరాక జేఆర్‌ఎఫ్ వచ్చినా తీసుకోవచ్చు. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత సీనియర్ ఫెలోగా (ఎస్‌ఆర్‌ఎఫ్) 42,000 రూపాయలు, దానికి తోడు అద్దె భత్యం, కంటింజెన్సీ, అంటే పుస్తకాలు, ప్రయాణాల్లాంటి పరిశోధన ఖర్చులకు ఇచ్చే సొమ్ము. ఇంత మొత్తం ఇచ్చే ఫెలోషిప్ మన విభాగాల్లో వేరే దొరకడం కష్టం. వయసు పరిమితి 30 ఏళ్లు. మహిళలకు, రిజర్వేషన్ వర్గాలవారికి, దివ్యాంగులకు ఐదేళ్ల సడలింపు ఉంది. మీకు ఇంకా వయసుంటే ఒకటి రెండుసార్లు గట్టిగా కూర్చుని రాయండి. పీహెచ్‌డీలో ఉన్నాం కదా అని నెట్ పుస్తకాలు అటక మీద పెట్టేయడం నేను చేసిన మొదటి తప్పు.

మీరు ఏ వర్గమో రాయలేదు. ఎస్సీ, ఓబీసీ విద్యార్థులకు విడిగా జాతీయ ఫెలోషిప్‌లున్నాయి. అవి కూడా నెట్ ఫలితాల మీదే ఆధారపడతాయి కాబట్టి నెట్ దరఖాస్తు నింపేటప్పుడే ఆ గడులను జాగ్రత్తగా చూసుకోవాలి. ఎస్టీ విద్యార్థులకు గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. పాడేరు, అరకు వైపు నుంచి వచ్చిన స్కాలర్లలో ఈ సంగతి తెలియనివాళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తుంటారు. అమ్మానాన్నలకు ఏకైక సంతానమైన అమ్మాయిలకు యూజీసీ సావిత్రీబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్ ఉంది.

ఇక్కడ ఒక చిన్న కాగితం గురించి చెప్పాలి, దీని వల్ల నా సహాధ్యాయికి ఏడాది పోయింది. సచివాలయంలో ఇచ్చిన బీసీ సర్టిఫికెట్ చేతిలో ఉంది కదా అని ఆమె ధీమాగా ఉంది. కేంద్రప్రభుత్వ ఫెలోషిప్‌కు అది చాలదు. కేంద్రం నమూనాలో, క్రీమీలేయర్‌లో లేరని రాసిన ఓబీసీ సర్టిఫికెట్ వేరే తీసుకోవాలి, అదీ పాతబడిపోకూడదు. ఆ సంగతి తెలిసి తహసీల్దారు కార్యాలయానికి పరిగెత్తేసరికి గడువుకు మూడు రోజులే మిగిలాయి. మీకు వర్తిస్తే ఈ వారమే దరఖాస్తు పెట్టేయండి. ఫెలోషిప్ ప్రకటన వచ్చాక మొదలుపెట్టే పని కాదు ఇది.

నెట్ జేఆర్‌ఎఫ్‌తో సంబంధం లేకుండా మీకు నేరుగా పనికొచ్చేవి రెండు. ఒకటి ఐసీహెచ్‌ఆర్ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. నేను తీసుకున్నప్పుడు నెలకు 17,600 రూపాయలు, రెండేళ్లు. ఎంపిక చేసేవాళ్లు చరిత్రకారులే కాబట్టి మీ ఆధారాలు ఏమిటి, అవి ఎక్కడున్నాయి అన్నదాని మీదే వాళ్ల దృష్టంతా. రెండోది ఐసీఎస్‌ఎస్‌ఆర్ డాక్టొరల్ ఫెలోషిప్: నెలకు 20,000, ఏడాదికి మరో 20,000 కంటింజెన్సీ. అది సామాజిక శాస్త్రాల మండలి, అయినా కార్మికుల చరిత్ర, వలసల చరిత్ర దాని పరిధిలోకి తేలికగా వస్తాయి. అదే మండలికి హైదరాబాదులో దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉంది. గ్రంథాలయాలకు వెళ్లి చదువుకోవడానికి అది చిన్న చిన్న స్టడీ గ్రాంట్లు ఇస్తుంది. మొత్తం చిన్నదే, అందుకే చాలామంది పట్టించుకోరు. నా మొదటి విజయం అలాంటి చిన్నదే. అది వచ్చిన తరువాతే పెద్ద దరఖాస్తులో రాసుకోవడానికి నాకంటూ ఒక్క వాక్యం దొరికింది.

జాబితాలు చూస్తే తల తిరగడం సహజం, ఎందుకంటే వాటిని డబ్బు ఇచ్చేవాళ్ల వైపు నుంచి కూర్చారు. ఒక తెల్ల కాగితం తీసుకుని మీ పని వైపు నుంచి మీ జాబితా రాసుకోండి. మీ అంశానికి నేనైతే ఇలా రాస్తాను. రేవు కడుతున్నప్పుడు విశాఖ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది కాబట్టి ప్రభుత్వ ఉత్తర్వుల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, నెలరోజుల పని. రేవు కట్టింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాబట్టి రైల్వే దస్త్రాలకు ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం. అక్కడివి కొన్ని అభిలేఖ్ పటల్ వెబ్‌సైట్‌లో ఇంటి నుంచే చూడవచ్చు, కాబట్టి ఢిల్లీ రెండు వారాలు చాలు. ఆ రైల్వే లండన్ కంపెనీది, 1944 దాకా ప్రభుత్వం చేతికి రాలేదు. కాబట్టి ఎప్పటికైనా బ్రిటిష్ లైబ్రరీ ముఖం చూడక తప్పదు. ఇక వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఆ కూలీల మనవలు ఉంటే వాళ్ల మాటలు రికార్డు చేయడం, రాయించడం.

చూశారా, ఇవి నాలుగు వేరు వేరు ఖర్చులు. చెన్నై పనికి స్టడీ గ్రాంటు అడగవచ్చు. నెలవారీ బతుకు ఫెలోషిప్ మీద, ఢిల్లీ దాని కంటింజెన్సీలో. లండన్‌కు వేరే వాళ్లను అడగాలి. మొత్తానికీ ఒకే దాత దొరకాలని వెతికినంతకాలం నాకు ఎవరూ దొరకలేదు. రెండు ఫెలోషిప్‌లు ఒకేసారి తీసుకోవడం మాత్రం కుదరదు. చిన్న గ్రాంటుకైనా ముందు ఫెలోషిప్ సంస్థకు రాసి అనుమతి తీసుకోండి, ఆ ఉత్తరం దాచుకోండి.

ఇక జాబితాల్లో లేని దాతలను పట్టుకునే దారి ఒకటుంది. మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు దొరికే శోధ్‌గంగ వెబ్‌సైట్ తెరవండి. మీ అంశానికి దగ్గరగా ఉన్న పది సిద్ధాంత గ్రంథాలు దించుకోండి. సారాంశం తరువాత చూద్దురుగాని, ముందు కృతజ్ఞతల పేజీ చదవండి. గురువుగారికి, అమ్మానాన్నలకు, టైపు చేసిపెట్టిన అబ్బాయికి నమస్కారాలన్నీ అయ్యాక ఎక్కడో ఒక వాక్యంలో ఫలానా ట్రస్టు ప్రయాణ ఖర్చులు భరించిందని ఉంటుంది. మీలాంటి అంశానికి, మీలాంటి విశ్వవిద్యాలయం నుంచి వెళ్లినవాళ్లకు ఎవరు డబ్బు ఇచ్చారో దానికంటే కచ్చితంగా మరెక్కడా తెలియదు. నాకు లండన్ వెళ్లడానికి సాయం చేసిన చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్టు పేరు నేను మొట్టమొదట చూసింది అలాంటి పేజీలోనే. కలకత్తాలో వ్యాపారం చేసిన ఒక బ్రిటిషు వ్యాపారి ఆస్తితో నడిచే ట్రస్టు అది. కళలు, మానవీయ శాస్త్రాల్లో ఉన్న భారతీయులు కొద్దికాలం బ్రిటన్‌లో పని చేసుకోవడానికి సాయం చేస్తుంది. మీ రేవు కథకు అతికినట్టు సరిపోతుంది.

ప్రపోజల్ గురించి. నా మొదటి ప్రపోజల్ ఇలా మొదలైంది: "వలస అనేది మానవ చరిత్రలో అనాదిగా జరుగుతున్న ప్రక్రియ." ఆ తరువాత నాలుగు పేజీలు సిద్ధాంతాలు. మూడు చోట్లకూ అదే పంపాను, మూడు చోట్లా పోయింది. ఆ రోజుల్లోనే బర్మా క్యాంపులో ఒక ముసలాయన రేకు పెట్టె తెరిచి, ప్లాస్టిక్ కవరులో చుట్టిన కాగితం ఒకటి చూపించారు. 1964లో రంగూన్ నుంచి ఓడ ఎక్కేటప్పుడు ఇచ్చినది. మడతల దగ్గర చిరిగి, వెనక నుంచి గుడ్డముక్క అంటించి ఉంది. వెంట తెచ్చుకోదగ్గ సామాను కింద రెండు దుప్పట్లు, ఒక కుట్టుమిషను అని రాసి ఉంది. కుట్టుమిషను ఏదండీ అని అడిగితే, "అది రేవులోనే ఆగిపోయిందమ్మా" అన్నారు. రెండోసారి ప్రపోజల్ ఆ కాగితంతో మొదలుపెట్టాను. ఇలాంటి కాగితాలు ఆ పేటలో ఎన్ని మిగిలాయి, వాటిని ప్రభుత్వ దస్త్రాలతో ఎలా పోల్చి చూస్తాను, దానికి ఎన్ని నెలలు పడుతుంది, అంతే రాశాను. సిద్ధాంతం ఒక్క పేజీకి కుదించాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ కుట్టుమిషను గురించే.

మీకు అంతకంటే మంచి ఆరంభం రేవులోనే ఉంది. అలలను ఆపడానికి రెండు పాత ఓడలను కావాలని ముంచి, వాటినే అడ్డుకట్టగా చేసిన రేవు మనది. 1933లో రేవు ప్రారంభమైన సంగతి అందరూ రాస్తారు. ఆ ఓడల చుట్టూ రాళ్లు మోసిందెవరు, కూలి ఎంత, ఏ ఊళ్ల నుంచి వచ్చారు అని అడిగిన మరుక్షణం మీ అంశం ఏమిటో చరిత్ర తెలియనివాళ్లకు కూడా తెలుస్తుంది. చాలా ఎంపిక కమిటీల్లో మీ రంగం కానివాళ్లు కూడా ఉంటారు.

బడ్జెట్ కూడా అంతే. "ప్రయాణాలు, ఇతర ఖర్చులు: 40,000" అని గుండుగుత్తగా రాసి ఒకసారి చీవాట్లు తిన్నాను. విశాఖ నుంచి చెన్నైకి స్లీపర్ ఛార్జీ రానూ పోనూ, 24 పని దినాలకు గది అద్దె, ఒక్కో పేజీకి నకలు ఖర్చు, ఇలా విడగొట్టండి. ఆర్కైవ్స్‌లో రోజుకు ఎన్ని దస్త్రాలు ఇస్తారో ముందే కనుక్కుంటే ఎన్ని రోజులు కావాలో మీరే చెప్పగలరు. పత్రికల చందాలు బడ్జెట్‌లో పెట్టకండి. 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు వేలాది పరిశోధన పత్రికలు అందుతున్నాయి. అది తెలియదని బయటపడితే బాగుండదు.

విదేశీ ఫెలోషిప్‌లంటే ఢిల్లీ వాళ్లకేనని మీ ప్రశ్న చివర్లో ఒక మాట అన్నారు. మీరు నడిచే ప్రాంగణంలోనే దానికి జవాబుంది. 1952లో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త అమెరికా ప్రభుత్వం ఇచ్చే ఫుల్‌బ్రైట్ ఫెలోషిప్ మీదే వాల్తేరు వచ్చారు. నౌకాదళం ఓడల్లో మన విద్యార్థులతో కలిసి బంగాళాఖాతాన్ని కొలిచారు. ఆ దారి ఇటు నుంచి అటు కూడా ఉంది. ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టొరల్ ఫెలోషిప్ మీద ఆరు నుంచి తొమ్మిది నెలలు అమెరికా విశ్వవిద్యాలయంలో పని చేయవచ్చు. బ్రిటన్‌కైతే కామన్వెల్త్ స్ప్లిట్-సైట్ స్కాలర్‌షిప్ ఉంది, మన పీహెచ్‌డీ మధ్యలో ఏడాది దాకా అక్కడ ఉండవచ్చు. ఇవి ఇప్పుడే కాదు, చేతిలో ఒకటి రెండు అధ్యాయాలు ఉన్నప్పుడు. అక్కడి ఆచార్యుడికి ఉత్తరం మాత్రం ఏడాది ముందే రాయాలి. సిఫారసు ఉత్తరాలు ఇచ్చేవాళ్లకు కనీసం మూడు వారాల గడువు ఇవ్వండి. రేపటికి కావాలి సార్ అంటే ఎంత మంచి గైడుగారైనా పాత ఉత్తరంలో పేరు మార్చి ఇచ్చేస్తారు.

వచ్చిన తరువాత సంగతి ఎవరూ చెప్పరు, అది కూడా వినండి. ఫెలోషిప్ వచ్చిందంటే ఒకటో తారీఖున డబ్బు పడుతుందని కాదు. హాజరు ధ్రువీకరణ, ప్రగతి నివేదిక, ఖర్చుల వినియోగ పత్రం, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం, వీటిలో ఏది ఆగినా డబ్బు ఆగుతుంది. నా స్నేహితురాలికి ఒక సంస్థ నుంచి ఎనిమిది నెలల డబ్బు ఒక్కసారే వచ్చింది, అప్పటిదాకా అప్పులతో గడిపింది. మొదటి విడత వచ్చినప్పుడు కొత్త ల్యాప్‌టాప్ కొనేయకండి. రెండు మూడు నెలల ఖర్చు పక్కన పెట్టండి. ప్రతి రసీదుకూ ఫొటో తీసుకోండి, థర్మల్ కాగితం మీద అక్షరాలు ఏడాదికే మాయమవుతాయి.

ప్రపోజల్ రాసిపెడతాం, ఎంపిక గ్యారంటీ అని డబ్బు అడిగేవాళ్లు ఫోన్లు చేస్తారు, పెట్టేయండి.

నా దగ్గర పోయిన ప్రపోజల్, వచ్చిన ప్రపోజల్ రెండూ ఉన్నాయి. కావాలంటే సందేశం పెట్టండి, రెండూ పంపిస్తాను. చెన్నై స్టడీ గ్రాంటుకు మీ చిత్తుప్రతి తయారైతే అదీ పంపండి. ఆదివారాలు నాకు తీరికే, ఎర్రసిరాతో చదివి పెడతాను.