పేర్చే గుట్ట పొరలు పడవలా వంగిపోతే

బల్లమీద చిన్న బొమ్మలతో ఆడే ఆట కోసం అమలాపురంలో మీరు అట్టతో చేసిన గుట్ట, ఒకదానిపై ఒకటి పేర్చే మూడు పొరలది, ఎందుకు వంగిందని అడిగారు. అది వంగింది వానాకాలపు చెమ్మ ఒక్కదానివల్లే కాదండి, పైవైపు మాత్రమే రంగు వేయడం వల్ల. ఫెవికాల్, అక్రిలిక్ రంగు ఆరేటప్పుడు బిగుసుకుంటాయి. అడుగు ఖాళీగా ఉంటే అంచులు పైకి లేస్తాయి. రెండో పొర పెట్టగానే ఊగేది అందుకే.

1. ప్రతి పొర అడుగునా నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వేయండి. చాలామంది వదిలేసేది ఇదే. కోసిన అంచులకూ బాగా పట్టించాలి. అమలాపురం గాలిలో తేమ అట్టలోకి దూరేది అక్కడి నుంచే.

2. చేతికి అంటనంతగా ఆరాక పాలిథిన్ కవరు పరిచి, పైన బరువైన పుస్తకాలు పెట్టి రెండు రోజులు వదిలేయండి. తొందరపడి ఎండలో పెట్టొద్దు, మళ్లీ వంగుతుంది.

3. నేలలా కనిపించడానికి ఇసుక అంటించి ఉంటే, పై పొర కూర్చునే చోట దాన్ని గీకేయండి. చుట్టూ మెట్టు 30 మిల్లీమీటర్లు మిగిలితే 25 మిల్లీమీటర్ల బేస్ (బొమ్మ కింద ఉండే బిళ్ల) ఉన్న బొమ్మ జారకుండా నిలుస్తుంది.

కొత్తది చేయాలనుకుంటే భీమవరం వైపు చేపలు, రొయ్యలు ప్యాక్ చేసే థర్మాకోల్ పెట్టెల మూతలు అడగండి. నాకైతే అట్టకంటే అవే నచ్చాయి, తేమకు వంగవు. కడిగి ఆరబెట్టి వాడండి. స్ప్రే పెయింట్ మాత్రం నేరుగా కొట్టొద్దు, థర్మాకోల్ కరిగిపోతుంది. ముందు ఫెవికాల్ పూత, తర్వాత బ్రష్‌తో అక్రిలిక్.