డాకింగ్ స్కోరు చూసి ఎనభై వేలు కట్టకండి

ప్రశ్న: మా అమ్మాయి వైజాగ్‌లో బీఫార్మసీ మూడో సంవత్సరం. రెండేళ్ల క్రితం మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ వస్తే ఆపరేషన్, కీమో చేయించాం. అప్పట్నుంచి అమ్మాయి కంప్యూటర్ మీద క్యాన్సర్ మందులు కనిపెడతానంటోంది. ఆరు నెలల ‘ఏఐ డ్రగ్ డిస్కవరీ’ కోర్సుకు ఎనభై వేలు అడుగుతున్నారు. ఆ కోర్సా, ఎంఫార్మసీనా, పరవాడ ఫార్మా సిటీలో ఉద్యోగమా? ఏది సేఫ్?
– ఒక తండ్రి, గాజువాక

జవాబు: మీ ఉత్తరాన్ని కుదించి వేశాను. అసలు దాంట్లో ‘సేఫ్’ అన్న మాట నాలుగుసార్లుంది. మూడింటినీ పోల్చి చెబుతాను గానీ, ముందు ఆ కోర్సు సంగతి చూద్దాం.

అందులో నేర్పేది చాలావరకు డాకింగ్, అంటే ఒక అణువు ప్రొటీన్ గుంటలో ఎలా ఇముడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం. స్కోరు ఎంత మైనస్‌లోకి వెళ్తే అంత గట్టిగా అతుక్కుంటుందని అంచనా. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ వాటికి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ అనే ప్రొటీనే ఊతం. టామాక్సిఫెన్ అనే మందు అడ్డుపడేది దానికే. టామాక్సిఫెన్ నుంచి ఒంట్లో తయారయ్యే అణువు ఆ రిసెప్టర్‌లో ఎలా కూర్చుంటుందో చూపే ఫైలు ఎన్నో ఏళ్లుగా ఉంది. దాని పేరు 3ఈఆర్‌టీ, ప్రొటీన్ల ఆకారాలు దాచే ప్రొటీన్ డేటా బ్యాంకులో ఉచితం. డాకింగ్ చేసే ఆటోడాక్ వైనా సాఫ్ట్‌వేరూ ఉచితమే. పిల్లలు ఆ అణువును తీసేసి, ఖాళీ అయిన గుంటలో తులసి, వేప, పసుపు అణువుల్ని దూరుస్తారు. స్కోరు మైనస్ తొమ్మిది దాటగానే రంగుల బొమ్మ ప్రింట్ తీసుకుని వచ్చేస్తారు. ‘సార్, మందు దొరికింది!’

నేను అడిగేది ఒక్కటే. తీసేసిన అణువునే మళ్లీ పెట్టి చూశావా? రెండు ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లో వంతు) లోపు తేడాతో తన చోట్లోకే వచ్చిందా? చాలామంది నేల చూపులు చూస్తారు. పసుపులోని కర్క్యుమిన్ ప్రయోగశాలలో తప్పుడు ఆశలు కల్పించడంలో పేరు మోసింది. పైగా మింగితే రక్తంలోకి చేరేది అంతంతమాత్రం. స్కోరుకు ఇవేవీ తెలియవు.

‘ఆల్ఫాఫోల్డ్‌కి నోబెల్ వచ్చింది కదా’ అని కోర్సువాళ్లు అంటారు. నిజమే, ఆ ఏఐ ప్రోగ్రాం తయారుచేసిన హసాబిస్, జంపర్‌లకు 2024లో వచ్చింది. అది ముఖ్యంగా ప్రొటీన్ ఆకారం చెబుతుంది, మందు తయారుచేసి ఇవ్వదు. అణువును ఎవరో ఒకరు ఫ్లాస్కులో తయారుచెయ్యాలి. కణాల మీద, జంతువుల మీద, మనుషుల మీద పరీక్షించాలి. పదేళ్లు పైమాటే. రొమ్ము క్యాన్సర్ కీమోలోనూ వాడిన మెథోట్రెక్సేట్ వెనుక ఉన్న మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావుగారు కంప్యూటర్ మొహమే చూడలేదు. అలాగని కంప్యూటర్ వద్దనను, కెమిస్ట్రీ రాకుండా వద్దంటున్నా.

ఇక మీ సంగతి, కోపం తెచ్చుకోకండి. రెండు పేజీలు రాశారు. బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్ జీతం ఉంది, కోర్సు ఫీజు ఉంది. అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో, మార్కులెలా ఉన్నాయో ఒక్క ముక్క లేదు. అడిగారా అసలు? మీ భయం ఉద్యోగం గురించి కాదనిపిస్తోంది. జబ్బు తిరగబెడుతుందేమోనని. అమ్మాయిదీ అదే భయం, పేరు మార్చి కెరీర్ అంటోంది. మీ ఆవిడకు కావలసిన మందు మీ అమ్మాయే కనిపెట్టక్కర్లేదండీ. హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకం రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ అనే మందు 1998లోనే వచ్చింది, ఆ తర్వాత ఇంకా వచ్చాయి. చెకప్‌లు తప్పకండి. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి మీకు దగ్గరే. ఆ బరువు పిల్ల నెత్తిన లేకపోతే తను ఏ దారి పట్టినా తట్టుకుంటుంది. మూడో సంవత్సరమే కదా, ఏమీ మించిపోలేదు.

పోలికంటారా? పరవాడలో ఎక్కువగా తయారీ, క్యూసీ (నాణ్యత పరీక్ష) ఉద్యోగాలు, కొత్త మందులు కనిపెట్టే పని కాదు. అయినా ఏడాది చేస్తే పోయేదేం లేదు. పరిశోధనే కావాలంటే ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీలో ఎంఫార్మసీ, తర్వాత పీహెచ్‌డీ. ఆంధ్రా యూనివర్సిటీ ఉంది, హైదరాబాద్‌లో నైపర్ అనే కేంద్ర ఫార్మసీ విద్యాసంస్థ ఉంది.

ఎనభై వేలు బ్యాంకులోనే ఉంచండి. ఈ సెలవుల్లో 3ఈఆర్‌టీ దించుకుని, అందులో అణువును తీసి మళ్లీ అదే గుంటలో పెట్టమనండి. కుదరకపోతే ఎందుకు కుదరలేదో నాకు రాయమనండి. మీరు కాదు, తను.