‘బావురుమన్నాడు’ అంటే గట్టిగా ఏడ్చాడనేనా?

‘బావురుమన్నాడు’ అన్నా ‘భోరున ఏడ్చాడు’ అన్నా ఒకటేగా అని అడిగారు. నా లెక్కలో ఒకటి కాదు. వాన కూడా భోరున కురుస్తుంది, అది ధార. పదిమంది ఒక్కసారిగా ఏడిస్తే ‘ఘొల్లుమన్నారు’ అంటాం. మనుషులు వెళ్లిపోయి ఖాళీ అయిన ఇంటిని మాత్రం ‘బావురుమంటోంది’ అంటాం. వెలితి లేనిచోట ఆ మాట అతకదు.

నాకిది మా అక్క పెళ్లయిన మర్నాడు తెలిసింది. అప్పగింతలప్పుడు అక్క చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెడుతుంటే ఇంటిల్లిపాదీ ఘొల్లుమన్నాం. నాన్న కంట్లో చుక్క లేదు. వంటవాళ్ల లెక్క, షామియానా వాళ్ల బాకీ అంటూ తిరుగుతూనే ఉన్నారు. ఈయనకు బాధే లేదా అని నాకు లోపల కోపం కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఎప్పట్లాగే సెంటర్లో హోటల్‌కి వెళ్లి ఇడ్లీలు కట్టించుకొచ్చారు. అక్కకు పల్లీ చట్నీ పడదు. తనకోసం అల్లప్పచ్చడి విడిగా చిన్న పొట్లం కట్టించడం ఆయనకు ఏళ్ల అలవాటు. సంచీలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతూ, ఆ చిన్న పొట్లం చేతికి తగలగానే ఆగిపోయారు. దారం కూడా విప్పలేదు. అలాగే పట్టుకుని బావురుమన్నారు. అమ్మ కంగారుగా వస్తుంటే నాయనమ్మ ఆపింది. “ఏడవనీ అమ్మాయ్. నిన్నట్నుంచి ఇల్లే బావురుమంటోంది, ఇక వాడెంత” అంది.

అందుకే టీవీలో ఎవరు కళ్లు తుడుచుకున్నా ‘ఎమోషనల్ అయ్యారు’ అని వేస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. పేపర్లకేమో ఎవరింట్లో ఏం జరిగినా ‘కన్నీరుమున్నీరు’. ఆ మనిషికి గొంతు పూడుకుపోయిందా, కళ్లు చెమర్చాయా, వెక్కివెక్కి ఏడ్చాడా, లోపలే కుమిలిపోయాడా? చదివేవాళ్లకు ఏమీ తెలియదు. ఇన్ని మాటలు పెట్టుకుని ఒక్కదానితో సరిపెట్టడం అన్యాయం.

చాక్లెట్ కోసం పేచీ పెట్టే పిల్లాణ్ణి ‘బావురుమన్నాడు’ అనకండి. వాడు ఆరున్నొక్క రాగం అందుకున్నాడు, అంతే. అదే పిల్లాడు వేసవి సెలవులయ్యాక అమ్మమ్మ ఊళ్లో బస్సెక్కి, మలుపు తిరిగి ఆవిడ కనబడకుండా పోయాక ఏడిస్తే, అప్పుడనండి.