కొరియన్ ప్రేమ సీరియళ్లు చూస్తే మనసు ఎందుకు అంతగా కరుగుతుంది?

వాటిలో ముద్దు కన్నా దానికి ముందు ఎదురుచూపే ఎక్కువ పనిచేస్తుంది. 2019 డిసెంబరులో మొదలైన 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ' సంగతే తీసుకోండి. పారాగ్లైడింగ్ చేస్తూ సుడిగాలికి ఉత్తర కొరియాలో వచ్చి పడిన సియోల్ సంపన్నురాలు సేరి, తనను దాచిన సైనికాధికారిని సువాసన కొవ్వొత్తి అడుగుతుంది. అతడు మామూలుది తెస్తాడు. తర్వాత ఒక రాత్రి ఆమె సంతలో తప్పిపోతే, జనం మధ్య వెలుగుతున్న కొవ్వొత్తిని పైకెత్తి పట్టుకుని నిలబడతాడు. ఈసారి సువాసనదే! ప్రేమ అన్న మాటే రాదు. చూసేవాళ్ల మనసు మాత్రం కరిగి నీరవుతుంది.

పైగా కథ 16 భాగాల్లో ముగుస్తుంది, మన సీరియళ్లలా ఏళ్ల తరబడి సాగదు. యాదృచ్ఛిక ఘటనలు మరీ ఎక్కువే. అయినా జంటగా నటించిన హ్యున్ బిన్, సన్ యే-జిన్ 2022లో నిజంగానే పెళ్లి చేసుకున్నాక, అభిమానులతో ఆ వాదన పెట్టుకోవడం దండగ.