మొత్తం ఎసింక్ చేసే ముందు ఒకసారి ఇది చదువు

చిన్నా,

ఆఫీసులో రిపోర్టుల సర్వర్, లారీల గేట్‌వే రెండూ నువ్వే తిరగరాస్తున్నావని మీ అమ్మ చెప్పింది. "మావాడికి ఎంత పెద్ద పని అప్పజెప్పారో చూడక్కా" అని ఒకటే మురిసిపోయింది. నాకూ గర్వంగానే ఉందిరా. కానీ నీతో మాట్లాడినప్పుడు నువ్వన్న మాట ఒకటి మనసులో ఉండిపోయింది. "ఎసింక్‌లోకి మార్చేస్తే స్పీడ్ పదింతలు అవుతుంది పెద్దమ్మా, ఈ నెలాఖరుకి అయిపోతుంది" అన్నావు. నువ్వు రింగ్ రోడ్డు మీద బస్సులో ఉన్నావు, సగం మాటలు హారన్లలో కలిసిపోయాయి. అందుకే రాస్తున్నాను. ఇన్నేళ్లు బెంగళూరులో ఈ సర్వర్ల పనే చేసి రిటైరయ్యాను కాబట్టి ఈ విషయంలో చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను.

ముందు ఆ "పదింతలు" సంగతి. ఎసింక్ అంటే ఒకదాని జవాబు కోసం ఆగిపోకుండా ఈలోపు ఇంకోదాని పని చూడటమే కదా, దానివల్ల నీ కోడ్ వేగంగా నడవదు. ఎదురుచూడటానికి అయ్యే ఖర్చు తగ్గుతుంది, అంతే. నీ సర్వర్ దేనికోసం ఎంతసేపు ఎదురుచూస్తోందో కొలవకుండా లాభం ఎంతో చెప్పలేవు. ఒక్కోసారి నష్టం కూడా రావచ్చు.

ఒక్కో కనెక్షన్‌కి ఒక పనివాడిలా ఒక్కో థ్రెడ్ ఉండే పద్ధతిలో సాకెట్ (కనెక్షన్ కొస) చదవాలంటే ఒక్క సిస్టమ్ కాల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌ని ఒక్కసారి అడగడం, చాలు. డేటా లేకపోతే కెర్నల్ ఆ థ్రెడ్‌ని పడుకోబెడుతుంది, రాగానే లేపుతుంది. ఎసింక్‌లో అన్ని కనెక్షన్లనీ ఒక్క థ్రెడ్డే చూసుకునే ఈవెంట్ లూప్‌లో అయితే ముందు ఈపోల్‌ని (ఏ కనెక్షన్‌లో డేటా వచ్చిందో చెప్పే లైనక్స్ సదుపాయం) అడగాలి, అది చెప్పాక చదవాలి, పూర్తి మెసేజ్ రాకపోతే మళ్లీ లూప్‌లోకి వెళ్లాలి. కనెక్షన్లు వేలల్లో ఉండి అన్నీ కదులుతుంటే ఒక్క ఈపోల్ కాల్‌కి వందల ఈవెంట్లు ఒకేసారి వస్తాయి, ఆ ఖర్చు అందరి మీదా పంచుకుపోతుంది. కనెక్షన్లు తక్కువైతే ప్రతి రిక్వెస్టూ ఆ అదనపు ఖర్చు పూర్తిగా మోస్తుంది. పైగా నీది పైథాన్. టాస్కులు తయారు చేయడం, కాల్‌బ్యాకులు (డేటా వచ్చాక నడవాల్సిన ఫంక్షన్లు) వరసలో పెట్టడం, ఇదంతా సీపీయూ మీదే పడుతుంది. 2018 జనవరిలో ప్రాసెసర్లలో మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం బయటపడి కెర్నల్‌కి ప్యాచ్‌లు వచ్చాక, ఆ లోపం ఉన్న ప్రాసెసర్ల మీద ఒక్కో సిస్టమ్ కాల్ ఖరీదు ఇంకా పెరిగింది. కాబట్టి "అందరూ ఎసింక్ అంటున్నారు" అన్నది కారణం కాదు.

ఒక చిన్న లెక్క వెయ్యి. సెకనుకి వచ్చే రిక్వెస్టుల్ని ఒక్కో రిక్వెస్టుకి పట్టే సమయంతో గుణిస్తే, ఏ క్షణంలోనైనా లోపల ఎన్ని ఉంటాయో తెలుస్తుంది. లిటిల్ అనే ఆయన 1961లో దీన్ని నిరూపించాడు, ఆయన పేరుతోనే అంటారు. మీ రిపోర్టుల సర్వర్‌కి సెకనుకి 40 వస్తాయి, ఒక్కోటి పావు సెకను అన్నావు కదా? అంటే సగటున లోపల ఉండేవి పదే. రద్దీకి వదిలిపెట్టి ముప్పై థ్రెడ్లు పెట్టుకున్నా సరిపోతుంది. దాని వెనకాల ఉన్నది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. అందులో కనెక్షన్ల పరిమితి మార్చకపోతే 100. ముందున్న సర్వర్ పదివేల మందిని లోపలికి రానిచ్చినా వాళ్లంతా ఆ వంద దగ్గర క్యూలో నిలబడాల్సిందే. దాన్ని ముట్టుకోకు. ఉన్నదాన్ని ఉన్నట్టే ఉండనీ.

లారీల్లో పెట్టే జీపీఎస్ పెట్టెల నుంచి సమాచారం అందుకునే గేట్‌వే వేరు. అక్కడ నువ్వు సరిగ్గానే ఆలోచించావు. వేల పెట్టెలు రోజంతా కనెక్షన్ పట్టుకుని ఉంటాయి, ఎప్పుడో ఒకసారి నాలుగు బైట్లు పంపుతాయి. ఎసింక్ పుట్టిందే ఇలాంటి వాటికోసం. 1999లో డాన్ కెగెల్ "ఒక్క మెషిన్ మీద పదివేల క్లయింట్లు" అనే ప్రశ్న వేసినప్పుడు మా చేతిలో ఈ పనికి ఉన్నవి సెలెక్ట్, పోల్ అనే పాత కాల్సే. సెలెక్ట్‌లో 1024 దాటి ఫైల్ డిస్క్రిప్టర్లు (తెరిచిన ఒక్కో కనెక్షన్‌కీ ఫైల్‌కీ కెర్నల్ ఇచ్చే నంబర్లు) పట్టేవి కావు. పోల్ అయితే పిలిచిన ప్రతిసారీ మొత్తం జాబితా తిరగేసేది. లైనక్స్ 2.6తో ఈపోల్ అందరి చేతికీ వచ్చాక ఆ బాధ తీరింది. అయితే థ్రెడ్‌కి 8 ఎంబీ పోతుందని మీ వాళ్లెవరో అన్నారన్నావు చూడు, అది సగం నిజం. ఆ 8 ఎంబీ స్టాక్ కోసం పక్కన పెట్టే అడ్రస్ స్థలం మాత్రమే, ముట్టుకున్న పేజీలకే అసలు మెమరీ ఖర్చు. గేట్‌వేని మార్చు, కానీ తప్పుడు లెక్క చూపించి మార్చకు.

ఇప్పుడు అసలు భయం చెప్తాను. దీనికోసమే ఇంత పొడుగు ఉత్తరం.

అప్పట్లో మా కంపెనీలో ఒక లావాదేవీల సర్వర్ ఉండేది, సీ భాషలో. కనెక్షన్‌కో థ్రెడ్. ముసలిదే, కానీ ఏడిపించకుండా నడిచేది. పైవాళ్లు ఎవరో ఈపోల్ గురించి విని, తిరగరాయమన్నారు. నీ వయసు కుర్రాడొకడికి అప్పజెప్పారు. కర్నూలు వైపు వాడు, చాలా తెలివైనవాడు, రాసిన కోడ్ చూస్తే ముచ్చటేసేది. ల్యాబ్‌లో పరీక్షలన్నీ బ్రహ్మాండంగా పాసయ్యాయి. లైవ్‌లో పెట్టాం. కొన్ని రోజులు బాగానే ఉంది. తర్వాత రాత్రిళ్లు ఉన్నట్టుండి సర్వర్ మొత్తం బిగుసుకుపోవడం మొదలైంది. ఐదు సెకన్లు, ఒక్కోసారి పది. తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ నడిచేది. సీపీయూ చూస్తే ఖాళీ. మెమరీ మామూలే. లాగ్‌లో ఎర్రర్ ఒక్కటి లేదు. డేటాబేస్ వాళ్లని అడిగాం, నెట్‌వర్క్ వాళ్లని అడిగాం, ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లడమే మానేశాడు. ఎప్పుడు చూసినా టీ గ్లాసు, ఎర్రబడ్డ కళ్లు.

చివరికి ప్రాసెస్‌కి, అది చేసే సిస్టమ్ కాల్స్ అన్నీ చూపించే ఎస్‌ట్రేస్ తగిలించి కూర్చున్నాం. గలగలా పారుతున్న లైన్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆఖరి లైన్ ఒక పోల్ కాల్. అందులో ఒకే ఒక్క సాకెట్, టైమౌట్ 5000 మిల్లీసెకన్లు. పైకి జరిపి చూస్తే ఆ సాకెట్ వెళ్లింది 53వ పోర్టుకి. డీఎన్‌ఎస్, పేర్లకీ ఐపీ అడ్రస్‌లకీ లంకె చెప్పేది!

లాగ్ రాసే ఫంక్షన్‌లో ఒక లైన్ ఉంది. వచ్చిన క్లయింట్ ఐపీ అడ్రస్‌ని పేరుగా మార్చి రాసే లైన్. పాత సర్వర్‌లోనూ అదే లైన్ ఉండేది, అక్కడి నుంచే తెచ్చారు. ఆ పేరు వెతికే రిజాల్వర్, దాని ఫైల్‌లో ఏమీ మార్చకపోతే, ఒక్కో నేమ్‌సర్వర్ (డీఎన్‌ఎస్ జవాబులిచ్చే సర్వర్) కోసం ఐదు సెకన్లు చూస్తుంది, రెండుసార్లు ప్రయత్నిస్తుంది. రాత్రిపూట మా మొదటి నేమ్‌సర్వర్ అప్పుడప్పుడూ జవాబిచ్చేది కాదు. థ్రెడ్లున్న రోజుల్లో కూడా ఇది జరిగే ఉంటుంది, కానీ అప్పుడు ఒక్క థ్రెడ్ ఐదు సెకన్లు ఆగితే మిగతావి వాటి పని అవి చేసుకునేవి. ఎవరికీ తెలిసేది కాదు. కొత్త సర్వర్‌లో లూప్ ఒక్కటే. ఒంటి లేన్ వంతెన మీద లారీ చెడిపోయినట్టు, వెనకాల అందరూ ఆగిపోయారు.

ఆ లైన్ తీసేశాక జబ్బు పోయింది. కానీ తర్వాత మీటింగ్‌లో తప్పంతా ఆ అబ్బాయి మీదకే తోశారు. ఆ లైన్ అతను రాసింది కాదని, పాత కోడ్‌లోదేనని, డీఎన్‌ఎస్ సెటప్ వేరే టీమ్‌దని నేను చెప్పాను. ఎవరూ వినిపించుకోలేదు. "సర్వర్ నువ్వు రాశావు కదా" అన్న ఒక్క మాటతో సరి. వాడు ఒక్క ముక్క ఎదురు మాట్లాడలేదు. తర్వాత కొద్దిరోజులకే ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. అంత మంచి ఇంజనీర్‌రా. నీ నోట "నేనొక్కడినే రాస్తున్నాను" అన్న మాట వినగానే వాడే గుర్తొచ్చాడు.

అందుకే చెప్తున్నా, కోడ్ మార్చడానికి ముందు లూప్‌ని ఆపగలిగేవన్నీ వెతికి పట్టుకో. మీ పాత కోడ్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీ వాడిన ప్రతి చోటూ ప్రమాదమే, వెబ్ నుంచి జవాబు వచ్చేదాకా అది ఆగిపోతుంది. ఫంక్షన్ ముందు ఎసింక్ అని రాసినంత మాత్రాన లోపలున్నది మారదు. డేటాబేస్ డ్రైవర్ చూడు. టైమ్ స్లీప్ ఎక్కడైనా ఉందేమో చూడు. ఫైళ్ల సంగతి మరీ జాగ్రత్త. డిస్క్ మీది మామూలు ఫైల్‌ని ఈపోల్‌కి ఇస్తే తీసుకోనే తీసుకోదు. నాన్‌బ్లాకింగ్ అని జెండా పెట్టినా ఫైల్ విషయంలో దానికి విలువ లేదు. ఈ బాధతోనే ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ వాళ్లంతటివాళ్లు 2015లో థ్రెడ్ పూల్స్ (ఆగే పనులకి పక్కన ఉంచే థ్రెడ్ల గుంపులు) తెచ్చుకున్నారు. సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కూడా ఫైళ్ల పనిని వెనకాల థ్రెడ్లతోనే చేయిస్తుంది, నువ్వు మార్చకపోతే అవి నాలుగే. 2019లో లైనక్స్ 5.1తో ఐఓ యూరింగ్ అనే కొత్త పద్ధతి వచ్చాక దారి కొంత మారింది కానీ, నీ పైథాన్‌లో ఉన్న మామూలు లూప్ నడిచేది ఈపోల్ మీదే.

"పైథాన్ సొంత ఎసింక్ లైబ్రరీ ఎసింక్ఐఓలో డీఎన్‌ఎస్ దానంతటదే థ్రెడ్ పూల్‌లోకి వెళ్తుంది కదా" అంటావు. నిజమే. ఆ పూల్‌లో ఎన్ని థ్రెడ్లుంటాయో ఎప్పుడైనా చూశావా? కోర్ల సంఖ్యకి నాలుగు కలిపినన్ని, ముప్పై రెండు దాటదు. మీది రెండు కోర్ల మెషిన్, అంటే ఆరు. నేమ్‌సర్వర్ మొరాయిస్తే ఆరు వెతుకులాటలతో ఆ పూల్ నిండిపోతుంది, నువ్వు అదే పూల్‌కి పంపే ఫైళ్ల పని కూడా వాటి వెనకాలే నిలబడుతుంది. ఫైళ్లకి వేరే పూల్ పెట్టుకో. టెస్టింగ్‌లో డీబగ్ మోడ్ ఆన్ చెయ్యి, 100 మిల్లీసెకన్లు దాటి లూప్‌ని పట్టుకున్న ప్రతి కాల్‌బ్యాక్‌నీ లాగ్‌లో చూపిస్తుంది. నేమ్‌సర్వర్ అడ్రస్‌ని కావాలనే తప్పుగా పెట్టి ఒక రోజంతా నడిపి చూడు. మేము చెయ్యని పరీక్ష అది.

లోడ్ టెస్ట్ చేసేటప్పుడు ఇంకొకటి. జవాబు వచ్చాకే తర్వాతి రిక్వెస్ట్ పంపే టూల్ అయితే, సర్వర్ ఐదు సెకన్లు ఆగినప్పుడు అది కూడా మర్యాదగా ఆగుతుంది. ఆ ఐదు సెకన్లలో రావాల్సిన వందల రిక్వెస్టులు లెక్కలోకే రావు. నివేదికలో సగటు అందంగా కనిపిస్తుంది. నిలకడగా సెకనుకి ఇన్ని అని పంపేదాన్నే వాడు, సగటు చూడకు, 99వ శాతం దగ్గర ఏముందో, అంటే నూటికి 99 రిక్వెస్టులు ఎంతలోపు పూర్తయ్యాయో చూడు.

ఇక రద్దీ. థ్రెడ్ పూల్ నిండితే కొత్తవాళ్లు బయట ఆగుతారు, అదొక రక్షణ. ఎసింక్‌లో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. శిరాడి ఘాట్ కొండదారిలో సిగ్నల్ పోయిన లారీలు సకలేశపుర దాటగానే దాచుకున్నదంతా ఒకేసారి పంపుతాయని నువ్వే చెప్పావు. మీ సర్వర్ ఒకసారి రీస్టార్ట్ అయితే అన్ని పెట్టెలూ ఒక్కుమ్మడిగా తిరిగి కనెక్టవుతాయి. ఒకేసారి ఎన్ని మెసేజ్‌లు ప్రాసెస్ చెయ్యాలో సెమఫోర్‌తో (ఒకేసారి ఇన్నింటినే లోపలికి వదిలే కాపలా) గట్టిగా హద్దు పెట్టు. పెట్టెల్లో తిరిగి కనెక్టయ్యే సమయాన్ని కాస్త అటూ ఇటూగా మార్చమని ఫర్మ్‌వేర్ వాళ్లని అడుగు. రాసే వైపు రైట్ చేశాక డ్రెయిన్ (పంపాల్సిన డేటా ఉండే బఫర్ తగ్గేదాకా ఆపే కాల్) కోసం ఆగడం మరిచిపోకు. బఫర్ 64 కేబీ దాటితే ఆగమని చెప్పేది అదే. నువ్వు వినకపోతే నెమ్మదిగా చదివే ఒక్క క్లయింట్ కోసం బఫర్ పెరుగుతూనే ఉంటుంది. ఫైల్ డిస్క్రిప్టర్ల పరిమితి పెంచడం నీకు తెలుసు, నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చేసినా, ఒక్కడివే చెయ్యకు. ఇది సలహా కాదు, పట్టుబట్టి చెప్తున్నాను. టీమ్‌లో ఇంకొకరికి ప్రతి ఫైలూ చదివి వినిపించు. పాత గేట్‌వేని తీసెయ్యకు, పక్కనే నడుస్తూ ఉండనీ. ముందు వంద పెట్టెల్ని మాత్రమే కొత్తదానికి మళ్లించు. వెనక్కి వెళ్లే దారి ఏమిటో కాగితం మీద రాసి మీ మేనేజర్ సంతకం తీసుకో. నెలాఖరుకి అవ్వదని ఈ వారమే చెప్పు. ఆలస్యంగా చెప్పినవాడి మాట ఎవరూ వినరు, ముందే చెప్పినవాడిని తిట్టినా గౌరవిస్తారు. రాత్రి పదింటికి ఆఫీసులో కనిపిస్తున్నావని, పీజీలో అన్నం అయిపోయాక వెళ్తున్నావని మీ అమ్మకి తెలియదు, నాకు తెలుసు. నీ గొంతులోనే తెలిసిపోతుందిరా నాన్నా. కోపంగా రాశాననుకోకు. ఆ గేట్‌వే నువ్వే చక్కగా చేస్తావు, నాకు అనుమానం లేదు.

ఆదివారం జయనగర్ రా. పెదనాన్న గుత్తి వంకాయ చేయించమంటున్నారు. వచ్చేటప్పుడు లూప్‌ని ఆపగలిగే కాల్స్ జాబితా, రెండు సర్వర్ల లిటిల్ లెక్క ప్రింట్ తీసి తీసుకురా. లాగింగ్ ఫైల్ కూడా పట్టుకురా, అది ముందు నేనే చదవాలి.

నీ పెద్దమ్మ