బాబు చెవుల గురించి డాక్టరుగారిని ఏం అడగాలి

చి.ల.సౌ. అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

బాబు 28 వారాలకే పుట్టాడు కదా, అందరూ ఊపిరి గురించీ బరువు గురించీ మాట్లాడుతున్నారు. చెవుల సంగతి నువ్వే అడగాలి. డిశ్చార్జి రోజు హడావుడిగా ఉంటుంది. ముందురోజే కేస్‌షీటు చూపించమని అడిగి ఇవి రాసిపెట్టుకో.

మొదట మందులు. చెవులకు ముప్పు తెచ్చే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు, జెంటామైసిన్ గానీ అమికాసిన్ గానీ, ఎన్ని రోజులు పడ్డాయి? ఐదు రోజులు దాటితే గట్టిగా పట్టించుకోవాలి. నెలలు నిండని బిడ్డ కిడ్నీలు వాటిని మెల్లగా బయటికి పంపుతాయి. అందుకే డోసుల మధ్య ఒక్కోసారి 36, 48 గంటల ఎడం ఇస్తారు. వాటితోపాటు లాసిక్స్ (మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందు) కూడా పడితే లోపలి చెవికి ముప్పు పెరుగుతుంది. అలాగని ఆ మందుల్ని తిట్టుకోకు, సెప్సిస్‌లో, అంటే ఇన్ఫెక్షన్ ఒళ్లంతా ముదిరినప్పుడు, ప్రాణం నిలిపేవి అవే. మీ అమ్మ వైపు ఎవరికైనా ఇలాంటి ఇంజెక్షన్ల తర్వాత వినికిడి పోయి ఉంటే మాత్రం దాచకుండా చెప్పు. తల్లి నుంచి వచ్చే ఒక జన్యు లోపం ఉంటే మామూలు డోసుకే చెవులు పోవచ్చు.

తర్వాత కామెర్లు. బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల అంకె) ఎంతవరకు వెళ్లింది, రక్తం మార్చారా? నెలలు నిండిన బిడ్డకు ఫరవాలేని అంకె వీడికి ఎక్కువే కావచ్చు. కామెర్లు దెబ్బతీసేది ముఖ్యంగా వినికిడి నరాన్ని. ఓఏఈ అనే వినికిడి పరీక్ష లోపలి చెవి కణాలనే చూస్తుంది కాబట్టి నరం పాడైనా ‘పాస్’ అని రావచ్చు. ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) ఐదు రోజులు దాటిన బిడ్డకు బేరా, అంటే శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందో లేదో చూసే పరీక్ష, చేయాల్సిందే. కాగితం మీద ‘పాస్’ ఉంటే ఏ పరీక్షలో పాసో చూడు.

వెంటిలేటర్ మీద ఎన్నాళ్లున్నాడో, మెనింజైటిస్ (మెదడు పొరలకు ఇన్ఫెక్షన్) వచ్చిందో లేదో కూడా రాసుకో. సీఎంవీ (కడుపులో ఉండగానే బిడ్డకు సోకి వినికిడి పోగొట్టగల వైరస్) అనుమానముంటే పుట్టిన 21 రోజుల్లోపే మూత్రం పరీక్షకు పంపాలి. ఆ తర్వాత కడుపులో సోకిందో, బయట సోకిందో తేల్చడం కష్టం.

బేరా, కడుపులో ఉన్న వారాలూ కలిపి 34 వారాలు దాటాక, పాలు తాగి నిద్రపోయాక చేస్తే బాగా వస్తుంది. ఫెయిలైతే మధ్య చెవిలో నీరుందేమో చూసి మళ్లీ చేస్తారు. కరెక్టెడ్ వయసు (డాక్టరు ఇచ్చిన కాన్పు తేదీ నుంచి లెక్కపెట్టే వయసు) 3 నెలలకల్లా తేలాలి, లోపముంటే 6 నెలలకల్లా హియరింగ్ ఎయిడ్ పెట్టాలి. పాసైనా 9 నెలలకల్లా ఇంకోసారి చూపించు, సీఎంవీ ఉంటే 3 నెలలకే.

మీ అత్తగారు పళ్లెం మోగించి ‘ఉలిక్కిపడ్డాడుగా’ అంటారు. ఆవిడతో వాదించకు, పరీక్ష మాత్రం మానకు. పెద్ద చప్పుడు వినిపించినా స, శ లాంటి సన్నని శబ్దాలు అందకపోవచ్చు. మొదటి నెలలో కామెర్లకో ఇన్ఫెక్షన్‌కో మళ్లీ చేర్చాల్సి వస్తే, పంపేముందు బేరా మళ్లీ చేయమను.

మీ పెద్దమ్మ