ఎర్ర దీపం మినుకుతోందని క్యాసెట్‌లో ఊదకండి

ప్రశ్న: మా బావగారు అమెరికా నుంచి పాత నింటెండో ఎన్‌ఈఎస్ వీడియో గేమ్ యంత్రం తెచ్చి ఇచ్చారు. ఆన్ చేస్తే ఎర్ర దీపం ఆరుతూ వెలుగుతూ ఉంటుంది, టీవీ తెరా అంతే. క్యాసెట్ తీసి ఊదితే ఒక్కోసారి పనిచేస్తోంది. దీన్ని పక్కన పెట్టి, టీవీకి తగిలించే, పది వేల ఆటలున్న వైఫై గేమ్ స్టిక్ కొనమని ఇంట్లో అంటున్నారు. కొనమంటారా?

జవాబు: ముందు ఊదడం మానండి. ఈ మాట ఎన్నిసార్లు రాసినా మళ్లీ ఇదే ప్రశ్న వస్తోంది. నోటి తడి తగిలితే క్యాసెట్ అంచునున్న లోహపు పట్టీలకు చిలుము పడుతుంది. అది పనిచేసింది ఊదినందుకు కాదు, తీసి మళ్లీ పెట్టినప్పుడు పట్టీలు పిన్నులకు సరిగ్గా ఆనినందుకు.

1983 జులై 15న జపాన్‌లో ఫామికామ్ పేరుతో విడుదలైనప్పుడు ఈ యంత్రానికి ఈ జబ్బు లేదు. నింటెండో ఇంజినీరు మసయుకి ఉయెమురా బృందం క్యాసెట్‌ను పైనుంచి నిలువుగా పెట్టేలా దాన్ని రూపొందించింది. అదే ఏడాది అమెరికాలో నాసిరకం ఆటలు గుట్టలుగా పేరుకుని వీడియో గేమ్ వ్యాపారం కుప్పకూలింది. ఆ పేరు చెబితేనే దుకాణదారులు మొహం తిప్పుకున్నారు. అందుకే 1985లో న్యూయార్క్‌లో అమ్మకానికి పెట్టేటప్పుడు దానికి వీసీఆర్ వేషం వేశారు. మూత ఎత్తి, క్యాసెట్‌ను లోపలికి తోసి, కిందికి నొక్కాలి. ఆ నొక్కుడుకే లోపలున్న 72 పిన్నుల పట్టు ఏళ్ల తరబడి సడలుతూ వస్తుంది.

దానికి తోడు ఒక తాళం చిప్. క్యాసెట్‌లోని జోడీ చిప్‌తో సంకేతం కుదరకపోతే అది యంత్రాన్ని సుమారు సెకనుకోసారి రీసెట్ చేస్తుంది. మీరు చూస్తున్న మినుకు అదే. పట్టీ మీద పిసరంత మురికి చాలు, అసలు క్యాసెట్‌ను కూడా దొంగ సరుకులా గెంటేస్తుంది. డబ్బు పెట్టి కొన్నవాడిని శిక్షించే తాళం ఏ పరికరంలో ఉన్నా నాకు మింగుడుపడదు. 1993లో వచ్చిన కొత్త రూపంలో ఆ చిప్ లేదు, క్యాసెట్ పెట్టేదీ పైనుంచే. జపాన్ యంత్రానికి మొదటి నుంచీ తాళం లేదు. తొంభైలలో మన ఊళ్లలో అమ్మిన టీవీ గేముల్లో చాలా వరకు దాని నకళ్లే. మీ అటక మీద వాటి 60 పిన్నుల క్యాసెట్లుంటే ఇందులో పట్టవు.

నన్ను భయపెట్టేది ఆ స్టిక్. ఇంటర్నెట్‌కు తగిలించే చవక పరికరాలు కొన్నిటిలో కొనకముందే మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) ఉంటోందని, మరికొన్నిటిలో సెటప్ సమయంలో దించుకునే యాప్‌లతో చేరుతోందని 2025 జూన్‌లో అమెరికా ఎఫ్‌బీఐ హెచ్చరించింది. అలాంటిది ఇంట్లో చేరితే ఎక్కడో ఉన్న నేరగాడు మీ కనెక్షన్ చాటున తన పని చేసుకుంటాడు, జాడ మీ ఇంటికి చేరుతుంది. బ్యాంకు యాప్ ఉన్న మీ ఫోను కూడా అదే వైఫై మీద ఉంటుంది. ఆటలాడే పెట్టె గూగుల్ ఖాతా ఎందుకు అడగాలి? హానికర యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపమని ఎందుకు చెప్పాలి? తయారీదారు ఎవరో, అప్‌డేట్లు ఎవరిస్తారో తెలియని వస్తువుకు వైఫై పాస్‌వర్డ్ ఇవ్వకండి. మీ ఎన్‌ఈఎస్‌కు ఉన్నది 2 కిలోబైట్ల ర్యామ్, ఇంటర్నెట్ ఊసే లేదు. అది మీ ఇంటి నుంచి ఏమీ ఎత్తుకుపోలేదు.

దాని అడాప్టర్ 120 వోల్టులది. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడుతున్నారనే అనుకుంటున్నాను, లేకపోతే ఈరోజే తీసేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి క్యాసెట్ పట్టీల మీద రుద్దండి. మొదటిది నల్లగా వస్తుంది. దూది తెల్లగా వచ్చేదాకా బడ్‌లు మారుస్తూ తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి పెట్టండి. అప్పటికీ దీపం మినుకుతుంటే 72 పిన్నుల కనెక్టర్ మార్పించండి, అది విడిగా దొరుకుతుంది.